చలికాలంలో రేగడి నేలను గట్టిపరచాలంటే: సున్నమా, సిమెంటా, మొరమా, శివరాత్రి దాకా ఆగడమా?

హైదరాబాద్ చుట్టుపక్కల లేఅవుట్ రోడ్లు, గోదాముల యార్డులు, ఫామ్‌హౌస్ దారుల పనులు దసరా దాటాకే ఊపందుకుంటాయి. వానలు తగ్గి నల్లరేగడి మీదికి మళ్లీ బండి దిగగలిగేది అప్పుడే. అలా మట్టిలో సున్నమో సిమెంటో కలిపి గట్టిపరిచే పని సరిగ్గా డిసెంబర్, జనవరిలో పడుతుంది. చలిలో వేస్తే బలం రాదని ఒకరంటారు, మన ఊళ్లో చలేంటండీ అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మన దగ్గర నేల గడ్డకట్టదు కాబట్టి చలికి కలిపిన మట్టి పాడవదు. బలం వచ్చే వేగం మాత్రం తగ్గుతుంది, అదీ సున్నానికి ఒకలా, సిమెంటుకు ఒకలా. అందుకే చలికాలంలో ఏది కలపాలో తేల్చుకునే ముందు ఒక్క సంగతి కాగితం మీద రాసుకోండి: ఆ పొర మీదికి మొదటి లోడు లారీ ఏ తేదీన ఎక్కాలి? ఆ తేదీ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

చలి ఏ పనిని ఆపుతుంది, దేన్ని ఆపదు

సున్నం మట్టిలో రెండు పనులు చేస్తుంది. మొదటిది వెంటనే జరిగేది. బంకమట్టి రేణువుల చుట్టూ ఉన్న సోడియం లాంటివి పక్కకు పోయి, వాటి చోట కాల్షియం చేరుతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న గుళికలవుతాయి. జిగట తగ్గుతుంది, ఆ జిగటను కొలిచే అంకె అయిన ప్లాస్టిసిటీ ఇండెక్స్ పడిపోతుంది, టైరుకు ముద్దలుగా పట్టే రేగడి పొడిపొడిగా మారుతుంది. ఇది గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పూర్తవుతుంది. మన చలి దీన్ని పెద్దగా అడ్డుకోదు.

రెండో పని అసలు బలానిది. తగినంత సున్నం పడితే మట్టిలో పీహెచ్ 12.4 దగ్గరికి చేరుతుంది. అంత క్షారంలో బంకమట్టిలోని సిలికా, అల్యూమినా కొద్దికొద్దిగా కరిగి, కాల్షియంతో కలిసి, సిమెంటులో తయారయ్యే లాంటి బంధనాన్నే తయారుచేస్తాయి. దీన్నే పోజొలానిక్ చర్య అంటారు. వారాలు, నెలలు పట్టే వ్యవహారం ఇది, పైగా ఉష్ణోగ్రతను బట్టి నడుస్తుంది. 10 డిగ్రీల కిందికి పోతే బాగా మందగిస్తుంది. 4 డిగ్రీల దగ్గర ఆగిపోయినట్టే లెక్క. చలికి సున్నం నీళ్లలో సరిగ్గా కరగదని కొందరు మేస్త్రీలు చెబుతుంటారు. నిజానికి ఉల్టా: సున్నం చల్లటి నీళ్లలోనే కాస్త ఎక్కువ కరుగుతుంది. ఆలస్యమంతా బంకమట్టి నుంచి సిలికా, అల్యూమినా విడివడటంలోనే ఉంది.

సిమెంటు కథ వేరు. బంధనానికి కావలసిన సిలికా, కాల్షియం రెండూ దాని దగ్గరే ఉన్నాయి. నీళ్లు తగిలితే చాలు, మట్టి సహకారం కోసం చూడదు. చలికి అదీ నెమ్మదిస్తుంది కానీ సున్నం అంతగా కాదు.

చలికాలంలో పాలు తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు కాదు, ఇంకాస్త టైమ్ ఇస్తే అవుతుంది, మధ్యలో గిన్నె కదిలిస్తే మాత్రం విరుగుతుంది. ఈ పొరల సంగతీ అంతే. చలిలో క్యూరింగ్ (తేమ ఆరకుండా కాపాడుతూ గట్టిపడనివ్వడం) అయిన సిమెంటు మట్టి మొదట్లో వెనకబడినా, నెలలు గడిచాక వేడిలో క్యూరింగ్ అయినదానితో సమానంగా, ఒక్కోసారి కాస్త ఎక్కువగానే బలం చూపిస్తుంది. సున్నం పొర కూడా జనవరిలో నిద్రపోయి మార్చిలో మళ్లీ పని మొదలుపెడుతుంది. అయితే రెండు షరతులున్నాయి. ఈలోపు బరువు బండ్లు ఎక్కి అప్పుడే పుడుతున్న బంధాలను తెంచకూడదు. సున్నం సున్నంగానే మిగలాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది సుద్దగా మారిపోతుంది, ఆ తర్వాత ఎంత ఎండ కాసినా దాని నుంచి బలం రాదు.

మన చలి ఎంత, పొరకు తగిలేది ఎంత

డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్‌లో కనిష్ఠం సగటున 14, 15 డిగ్రీలు, గరిష్ఠం 28 దరిదాపుల్లో ఉంటాయి. బేగంపేట వాతావరణ కేంద్రంలో కనిష్ఠం రికార్డు 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. పటాన్‌చెరు, శంకర్‌పల్లి వైపు నగరం నడిబొడ్డు కంటే చల్లగా ఉంటుంది. జహీరాబాద్ దాకా పోతే, ముఖ్యంగా కోహీర్ దగ్గర, చలిగాలులు వీచినప్పుడు కనిష్ఠం సింగిల్ డిజిట్‌కు దిగడం ప్రతి ఏడాదీ వార్తల్లో చూస్తూనే ఉంటాం. ఒకే నెలలో ఉప్పల్ సైటుకూ కోహీర్ సైటుకూ ఒకే సలహా కుదరదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో నీడలో గాలి 10 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఈ పని చేయకూడదని ఉంది. నగరంలో ఈ నిబంధన వల్ల ఆగేది, ఎప్పుడైనా ఆగితే, తెల్లవారుజాము పనే. ఉదయం తొమ్మిది గంటలకల్లా గాలి పది డిగ్రీలు దాటేస్తుంది.

పేపర్లో వచ్చే కనిష్ఠం చూసి టెన్షన్ పడనక్కర్లేదు. మట్టిలో 15 సెంటీమీటర్ల లోతుకే పగటికీ రాత్రికీ మధ్య తేడా మూడో వంతు లోపుకు తగ్గిపోతుంది, 30 సెంటీమీటర్ల దగ్గర దాదాపు మాయమవుతుంది. పొర చూసేది రోజు మొత్తం సగటును. ఆ సగటు మామూలు జనవరిలో 21, 22 డిగ్రీలు, గట్టి చలిగాలుల వారంలో 18.

మన ల్యాబుల్లో శాంపిళ్లు క్యూరింగ్ అయ్యేది 27 డిగ్రీల దగ్గర, రెండు అటూ ఇటూ. సైటుకూ ల్యాబుకూ మధ్య తేడా పుట్టేది ఇక్కడే. పది డిగ్రీలు తగ్గితే చర్య వేగం సగమవుతుందనే ముతక లెక్క పెడితే, ల్యాబులో 7 రోజులకు వచ్చే సిమెంటు మట్టి బలం జనవరి సైటులో సుమారు 10 రోజులకు వస్తుంది. చలిగాలులు పూర్తిగా కమ్మేస్తే 13 రోజులు. సున్నం ఉష్ణోగ్రతకు ఇంకాస్త సున్నితం కాబట్టి, ల్యాబులో 28 రోజుల బలానికి సైటులో నెలన్నర వేసుకోండి. ఇది ప్లానింగుకు పనికొచ్చే అంచనా. బిల్లు పాస్ చేయడానికి శాంపిల్ విరిచి చూడాల్సిందే.

ముందు నేల ఏదో తేల్చండి

పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో నల్లరేగడీ ఎర్రనేలా రెండూ పక్కపక్కనే ఉన్నాయి. హైదరాబాద్ అంటేనే ఈ రెండు నేలల సరిహద్దు. గ్రానైట్ మీద ఎర్ర చెల్క, మొరం. చెరువు శిఖాల్లో, పల్లపు చోట్ల నల్లమట్టి. పడమటికి శంకర్‌పల్లి, చేవెళ్ల దాటి జహీరాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ లావా రాతి మీద తయారైన లోతైన రేగడి. ఒకే లేఅవుట్‌లో ఈ మూల ఎర్రగా, ఆ మూల నల్లగా ఉండటం మామూలే. అలాంటి చోట ఒకే శాంపిల్‌తో మొత్తం సైటుకు డిజైన్ తెస్తే ఆ రిపోర్టు పక్కన పడేయండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఎస్పీ 89 చెప్పేది స్థూలంగా ఇది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే మెత్తటి భాగం 25 శాతం కంటే ఎక్కువున్న మట్టిలో, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 10 లోపుంటే సిమెంటు, 20 దాటితే సున్నం, మధ్యలో ఉంటే ఏదైనా. మన రేగడికి ఇది తేలిగ్గా 20 దాటి 30, 40 వైపు పోతుంది. పుస్తకం ప్రకారం రేగడికి సున్నమే. చలికాలం అన్న మాట కలిస్తేనే ఆలోచించాల్సి వస్తుంది.

సున్నం

రేగడికి దీనికి మించింది లేదు, తొందర లేకపోతే. 3 నుంచి 6 శాతం మధ్య సరిపోతుంది. సరైన మోతాదును పీహెచ్ టెస్టుతో మొదలుపెట్టి, శాంపిళ్లు విరిచి తేల్చుకోవాలి. ఎంత సరుకు పడుతుందో ముందే లెక్క వేసుకోండి: 20 సెంటీమీటర్ల పొర, మట్టి పొడి సాంద్రత ఘనమీటరుకు 1.6 టన్నులు, సున్నం 4 శాతం అనుకుంటే చదరపు మీటరుకు దాదాపు 13 కిలోలు. ఆరు మీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవు రోడ్డుకు సుమారు 7.7 టన్నులు. చలి అని శాతం పెంచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బంకమట్టి వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వేసిన సున్నం చలిలో అసలే పని చేయదు, డబ్బు దండగ. పెంచాల్సింది రోజులు.

మన మార్కెట్‌కు సున్నం ఎక్కువగా పల్నాడు పిడుగురాళ్ల నుంచి వస్తుంది. పొడి సున్నం బస్తాలు దించుకున్నాక నెల రోజులు షెడ్డులో పడేస్తే గాలి తగిలి కొంత సుద్ద అవుతుంది. లోడు వచ్చినప్పుడల్లా ఒక శాంపిల్ టెస్టుకు పంపండి.

ఇంకా నీళ్లు తగలని రాతి సున్నానికి, అంటే క్విక్‌లైమ్‌కు, చలికాలంలో ఒక సుగుణం ఉంది. ఒక టన్ను క్విక్‌లైమ్ చర్యలోనే 320 కిలోల నీళ్లు తాగేస్తుంది, ఆ వేడికి మరికొంత నీరు ఆవిరవుతుంది. చెరువు పక్కన చితచితలాడే నేల డిసెంబర్ మంచులో ఎండక మొరాయిస్తుంటే దీన్ని మించిన మందు లేదు. ఆ వేడి వల్ల పొర వారాల తరబడి వెచ్చగా ఉంటుందని మాత్రం ఆశపడొద్దు, ఒకటి రెండు రోజుల్లో చల్లారిపోతుంది. కళ్లలో పడితే చూపే పోవచ్చు, చెమట పట్టిన చర్మాన్ని కాల్చేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, బూట్లు లేకుండా చల్లించే కాంట్రాక్టరుకు ఈ పని ఇవ్వకండి. ఇళ్ల మధ్య సైటైతే క్విక్‌లైమ్ ఆలోచనే మానుకోండి, దుమ్ము పక్కింటికి పోతుంది.

పనికి కావలసింది జిగట తగ్గడం మాత్రమే అయితే, అంటే బండ్లు తిరగడానికి తాత్కాలిక వేదిక, లేదా పైన మొరం, మెటల్ (కంకర) పొరలు మందంగా వేస్తున్నారు, కింద రేగడి ఉబ్బకుండా ఉంటే చాలు అనుకుంటే, సున్నం జనవరిలో కూడా హాయిగా వాడొచ్చు. కలిపాక నానబెట్టే సమయాన్ని ఒక రోజు నుంచి రెండు మూడు రోజులకు పెంచి, మళ్లీ కలిపి, అప్పుడు రోలర్ పెట్టండి. నానబెట్టే రోజుల్లో పైన తేలిగ్గా రోలర్ తిప్పి మూసి ఉంచాలి, లేకపోతే గాలి సున్నాన్ని తినేస్తుంది.

సిమెంటు

ఎర్ర చెల్క, మొరం మిశ్రమం, ఇసుక పాలు ఎక్కువున్న మట్టి అయితే చలికాలంలో నా ఓటు సిమెంటుకే. 7 రోజుల బలం పదో రోజుకు వచ్చినా పని క్యాలెండర్ చెదరదు. వేసవిలో కలిపిన రెండు గంటల్లో రోలింగ్ ముగించడం ప్రాణసంకటం. చలికాలంలో మట్టి అంత త్వరగా బిగుసుకోదు, కూలీలూ ఆపరేటర్లూ ఊపిరి పీల్చుకుంటారు. రెండు గంటల నియమం మాత్రం అలాగే ఉంటుంది, చలి ఉంది కదా అని సాగదీయొద్దు.

నేరుగా నల్లరేగడిలో సిమెంటు కలపడం దగ్గరే నాకు అభ్యంతరం. ఆ మట్టి గడ్డలు విడవవు. రోటవేటర్ ఎన్నిసార్లు తిప్పినా నిమ్మకాయంత ఉండలు మిగిలిపోతాయి, సిమెంటు వాటి చుట్టూ పూతలా అంటుకుంటుంది, లోపల పచ్చి రేగడి అలాగే ఉంటుంది. ల్యాబులో జల్లెడ పట్టిన మట్టితో చేసిన శాంపిల్ బ్రహ్మాండంగా పాసవుతుంది. మొదటి వానకు ఆ ఉండలు ఉబ్బి పొరను పగలగొడతాయి. ఇందులో చలి తప్పేమీ లేదు, కానీ నింద దాని మీదికే పోతుంది.

ముందు సున్నం, తర్వాత సిమెంటు

రేగడి నేల, జనవరి నెల, ఫిబ్రవరి మొదట్లోనే లారీలు తిరగాలి. ఈ మూడూ కలిసినప్పుడు ఎక్కువ ఖర్చయినా నేను సూచించేది ఇదే. మొదట 2, 3 శాతం సున్నం కలిపి రెండు రోజులు నానబెట్టాలి. చలి ఆపలేని మొదటి పనిని దానితో చేయించుకుంటున్నాం. జిగట చచ్చి మట్టి పొడిపొడి అయ్యాక సిమెంటు కలిపి, రెండు గంటల్లో రోలింగ్ పూర్తి చేయాలి. తొందరగా రావలసిన బలం సిమెంటు ఇస్తుంది. ఎవరి పని వాళ్లకు పంచామన్నమాట.

దీనికి యంత్రం రెండుసార్లు తిరగాలి, సూపర్‌వైజర్ నిద్రపోకూడదు. మూడు వందల మీటర్ల దారికి ఇంత తతంగం గిట్టుబాటు కాదు. రెండు మూడు ఎకరాల గోదాము యార్డుకైతే గిట్టుబాటవుతుంది.

ఫ్లైయాష్, స్లాగ్

రామగుండం, కొత్తగూడెం థర్మల్ కేంద్రాల బూడిద, అంటే ఫ్లైయాష్, మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. అది కాల్షియం తక్కువున్న రకం, తనంతట తాను గట్టిపడదు, సున్నమో సిమెంటో తోడు కావాలి. సున్నం, ఫ్లైయాష్ జోడీ నడిచేది అదే నెమ్మది చర్య మీద కాబట్టి చలికి ఎక్కువ దెబ్బ తినేది ఇదే. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో, మార్చి తర్వాత, తీరిగ్గా చేసే పనికి చవకగా మంచి బలమిస్తుంది. సంక్రాంతి లోపు పొర అప్పగించాల్సిన పనికి మాత్రం దీన్ని ఎంచుకోకండి. ధర చూసి చాలామంది ఇక్కడే జారుతున్నారు.

ఉక్కు కర్మాగారాల స్లాగ్ పొడి, అంటే జీజీబీఎస్, కూడా చలికి నెమ్మదిస్తుంది. ఒక్క సందర్భంలో మాత్రం దాన్ని ముందుకు తేవాలి: మట్టిలోనో నీళ్లలోనో సల్ఫేట్లు ఉన్నప్పుడు. సల్ఫేటున్న మట్టిలో సున్నం వేసినా సిమెంటు వేసినా ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పెరిగి పొరను ఉబ్బించేస్తాయి. నీటిలో కరిగే సల్ఫేటు 0.3 శాతం లోపుంటే భయం తక్కువ. 0.8 శాతం దాటితే సున్నం జోలికి పోకపోవడమే మేలు. మధ్యలో ఉన్నప్పుడు సున్నంలో కొంత భాగం బదులు స్లాగ్ పెడితే ఉబ్బు తగ్గుతుంది. 15 డిగ్రీల కింద, కార్బొనేటు కూడా తోడైతే, థామసైట్ అనే మరో పదార్థం తయారై బంధనాన్నే బురదగా మార్చగలదు. మన రేగడిలో సున్నపు గులకలు ఉంటాయి కాబట్టి కార్బొనేటుకు కొదవ లేదు, అయితే మన పొరలు నెలల తరబడి 15 డిగ్రీల కింద ఉండవు. ఉత్తరాది పనులకు వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

సీసాల్లో, డ్రమ్ముల్లో అమ్మే ఎంజైములు, పాలిమర్ల గురించి అడుగుతుంటారు. మీ మట్టితో, మీరు అడిగిన ఉష్ణోగ్రతలో, నీళ్లలో నానబెట్టిన తర్వాతి బలం చూపిస్తే ఆలోచించండి. బ్రోచర్ చూపిస్తే టీ ఇచ్చి పంపించేయండి.

కెమిస్ట్రీయే లేకుండా

రేగడి పొర లోతు అర మీటరు, ముప్పావు మీటరు దాటకపోతే, పది కిలోమీటర్ల లోపు అనుమతి ఉన్న క్వారీ నుంచి మంచి మొరం దొరికితే, తవ్వి తీసేసి మొరం నింపడం ఎప్పటికీ మంచి పోటీదారే. రోలింగ్ సరిగ్గా చేస్తే బలం ఆ సాయంత్రానికే ఉంటుంది, జనవరైనా మే అయినా దానికి ఒకటే. చిన్న పనులకు, ముఖ్యంగా యాభై వంద మీటర్ల దారులకు, నేను మొదట అడిగేది మొరం ధరే. లోతు రెండు మీటర్లయితే మాత్రం తవ్విన నల్లమట్టిని ఎక్కడ పోయాలన్నదే పెద్ద తలనొప్పి అవుతుంది. మళ్లీ సున్నం దగ్గరికే వస్తారు.

ఇల్లు కట్టడానికి పునాది కింద సున్నం కలుపుదామా అని అడిగేవాళ్లు ఈ పోలికలోంచి బయటికి రావాలి. రేగడిలో ఇంటి పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) లాంటి వేరే దారులున్నాయి, దానికి స్ట్రక్చరల్ ఇంజినీరును కలవండి.

ఆగడం కూడా ఒక ఎంపికే

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. పండుగ ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది, అప్పటికి పొర సగటు 25 డిగ్రీలు దాటుతుంది. ఉత్త సున్నంతో రేగడిని గట్టిపరచడానికి ఏడాదిలో మంచి రోజులు అవే. జూన్ వానలకు ముందు మూడు నెలల వేడి దొరుకుతుంది.

ఏప్రిల్, మే ఇంకా మంచివని అనుకోవద్దు. చర్య పరుగెత్తుతుంది నిజమే, కానీ దానికి కావలసిన నీళ్లే మిగలవు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో చల్లిన నీళ్లు రోలర్ వచ్చేలోపే సగం ఆవిరవుతాయి, ట్యాంకర్ ధర ఆకాశంలో ఉంటుంది. నీళ్లు నిలవడం విషయంలో చలికాలమే మేలు. డిసెంబర్ పని అంటే హడలిపోయి మేకు వాయిదా వేసుకున్నవాళ్లు ఒక ఇబ్బంది వదిలించుకుని ఇంకో ఇబ్బంది కొనుక్కుంటున్నారు.

ఉత్త సున్నమే వాడాలి, రోడ్డు మార్చి దాకా అవసరం లేదు, పైన లారీలు ఎక్కకుండా అడ్డం పెట్టగలరు. ఇలా ఉంటే డిసెంబర్‌లోనే వేసి వదిలేయండి. ఆగి మార్చిలో వేసేదానికంటే ముందే బలం చేతికొస్తుంది. అడ్డం పెట్టలేని చోట, అంటే పక్క సైటు టిప్పర్లకు అదే దారి అయిన చోట, ఆగడమే మంచిది.

రిపోర్టు ఎలా చదవాలి

ల్యాబు కాగితం మీద బలం అంకె కంటే ముందు రెండు విషయాలు చూడండి: ఎన్ని రోజులు, ఎంత ఉష్ణోగ్రతలో. సున్నం శాంపిళ్లను 40 డిగ్రీల ఓవెన్‌లో 7 రోజులు పెట్టి 28 రోజుల బలాన్ని ముందే అంచనా వేసే పద్ధతి ఉంది. డిజైన్ పాళ్లు తేల్చడానికి అది మంచిదే. జనవరి సైటులో ఏడో రోజు అంత బలం ఉంటుందని ఆ కాగితం చెప్పడం లేదు. ఆ అంకె చూపించి రోడ్డు తెరిపించే ప్రయత్నాలు జరుగుతుంటాయి, అక్కడ గట్టిగా నిలబడాలి.

రోడ్ల డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ 37 కూడా సిమెంటు పొరలకు 7 రోజుల బలాన్ని, సున్నం, సున్నం ఫ్లైయాష్ పొరలకు 28 రోజుల బలాన్ని అడుగుతుంది. తక్కువ ట్రాఫిక్ రోడ్లలో పై పొరల కింద వేసే సబ్‌బేస్‌కు 0.75 నుంచి 1.5 మెగాపాస్కల్ చాలు. లేఅవుట్ రోడ్డుకు అంతకు మించి అడిగి సిమెంటు పెంచితే, బలం పెరిగి పగుళ్లూ పెరుగుతాయి.

వర్క్ ఆర్డర్‌లో ఒక్క వాక్యం చేర్పించండి: శాంపిళ్లు రెండు సెట్లు చేయాలి, ఒకటి ల్యాబులో 27 డిగ్రీల దగ్గర, రెండోది పాలిథిన్ చుట్టి సైటులో ఆ పొర పక్కనే మట్టిలో పాతిపెట్టి. మొదటి సెట్టు కలిపిన పాళ్లు సరైనవో కాదో చెబుతుంది. రోడ్డు ఎప్పుడు తెరవాలో చెప్పేది రెండోది. ఖర్చు పెద్దగా ఉండదు, గొడవలు బాగా తగ్గుతాయి. క్షారం తగిలితే రంగు మారే ఫినాల్ఫ్తలీన్ చల్లి గులాబీ రంగు చూపించి అయిపోయిందనే వాళ్లున్నారు. ఆ రంగు సున్నం అక్కడ ఉందని మాత్రమే చెబుతుంది, బలం గురించి దానికి తెలియదు.

సైటులో చలికి చేసే చిన్న సర్దుబాట్లు

పని తొమ్మిదిన్నర, పదింటికి మొదలుపెట్టి, చివరి రోలింగ్ నాలుగు లోపు ముగించండి. పొర పగటి వెచ్చదనంతోనే రాత్రిలోకి వెళ్లాలి. నీళ్లకు రాత్రంతా బయట నిలిచిన ట్యాంకర్ కంటే అప్పటికప్పుడు తోడిన బోరు నీళ్లు మేలు, అవి చలికాలంలో కూడా గోరువెచ్చగా 26 డిగ్రీల దగ్గర వస్తాయి. బోరు నీళ్లలో సల్ఫేటు ఎంతుందో ఒకసారి చూపించుకుంటే చాలు. పొగమంచు కురిసిన ఉదయం కుప్పగా ఉన్న మట్టిలో తేమ నిన్నటి లెక్క కంటే ఎక్కువుంటుంది, మీటరుతో చూడకుండా నీళ్లు కలపొద్దు.

క్యూరింగుకు తడి గోనెపట్టాలు మనకు అలవాటు. చలికాలపు పొడిగాలికి అవి ఆరుతూ పొరను ఇంకా చల్లబరుస్తాయి. ఈ రెండు నెలలు పాలిథిన్ షీటు పరిచి అంచుల మీద మట్టి వేయండి. తేమ ఆగుతుంది, పగటి వేడి కొంత నిలుస్తుంది, సున్నానికి గాలీ తగలదు. షీటు దొంగలు ఎత్తుకుపోతారన్నది నిజమైన సమస్యే, దానికి వాచ్‌మన్ తప్ప ఇంజినీరింగ్ పరిష్కారం లేదు.

ఇదంతా నేల గడ్డకట్టని ఊరికి. మన దగ్గర నుంచి జోజిలా, లడఖ్ వైపు పనులకు వెళ్లే ఇంజినీర్లకు లెక్క మారిపోతుంది. అక్కడ పొరలోని నీరే మంచుగా మారి ఉబ్బి, కరిగి, మళ్లీ ఉబ్బి బంధాలను తెంచేస్తుంది, అలా పోయిన బలం ఎండాకాలంలో తిరిగి రాదు. మొదటి గడ్డకట్టే రాత్రికి కనీసం నెల ముందే సున్నం పని ముగించాలి. ఐఎస్ 4332 నాలుగో భాగంలో ఉన్న ఫ్రీజింగ్, థాయింగ్ టెస్టు, మనం ఇక్కడ ఎప్పుడూ అడగనిది, అక్కడ తప్పనిసరిగా అడగాలి.

ఇక డిసెంబర్‌లో వేసేశారు, 28వ రోజు కోర్ (పొరలోంచి కోసి తీసే గుండ్రటి ముక్క) తీస్తే బలం సగమే వచ్చింది, ఏం చేయాలి? వెంటనే తవ్వించకండి. ఆ పొర మట్టిని కొంచెం తీసి పీహెచ్, ప్లాస్టిసిటీ చూపించండి. పీహెచ్ ఇంకా 12 పైన ఉండి, ప్లాస్టిసిటీ బాగా తగ్గి ఉంటే సున్నం బతికే ఉంది, దానికి కావలసింది వేడి. బండ్లు ఆపి, షీటు కప్పి, శివరాత్రి దాటాక మళ్లీ కోర్ తీయండి. పీహెచ్ 11 కిందికి పడిపోయి ఉంటే మాత్రం ఎదురుచూడటం వృథా: సున్నం తక్కువ పడిందో, గాలికి సుద్దయిందో, సరిగ్గా కలవలేదో అయి ఉంటుంది. అప్పుడు పొర చీల్చి, 2 శాతం కొత్త సున్నమో సిమెంటో కలిపి, మళ్లీ రోలర్ పెట్టడమే దారి. దాని ఖర్చు ఎవరిదో వర్క్ ఆర్డర్‌లో ముందే రాసుకుని ఉంటే ఆ పని రెండు రోజుల్లో మొదలవుతుంది.